ఒసాకా కరెంటు

పోయిన వారం తేజశ్రీ నోరు జారిన దగ్గర ఆగాం. జారిందంటే ఏదో పొరపాటున జారిందనుకునేరు, కాదు. ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకున్న మాటల్ని ఏరుకుని మరీ అంది. పిన్ని సీతారత్నం పెట్టెలో, పట్టుచీరల అడుగున, తువ్వాలులో చుట్టి దాచిన పాత టేపు చుట్ట దొరికింది. అట్టపెట్టె మీద, ఇప్పుడు లేని నాన్న పద్మనాభం చేతిరాత: ‘తేజ కోసం. ఒసాకా.’

"మా అమ్మ గొంతు ఇన్నాళ్ళూ నీ చీరల కింద పెట్టుకుని కూర్చున్నావా పిన్నీ? అమ్మ ఇంట్లోకి వచ్చావు, అమ్మ చోట్లో కూర్చున్నావు. ఆ గొంతు ఒక్కటీ నాకు మిగిల్తే అదీ చూడలేకపోయావా?" అని అడిగింది.

సీతారత్నం ఆ సాయంత్రమే తెనాలిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి టికెట్ తీయించుకుంది. ఈ ఆదివారం సాయంత్రం నిజాముద్దీన్ స్టేషన్లో ఆమె బండి. వెళ్ళేవాళ్ళు కొన్నాళ్ళుండి వస్తామంటారు కదా, ఆమె ఆ మాట కూడా అనలేదు. ఒక్కటే అడిగింది, ఆ టేపు తను వెళ్ళాక పెట్టుకోమని.

సరిగ్గా అందుకే తేజశ్రీ ఈ మధ్యాహ్నమే పెట్టాలనుకుంది. పంతం వస్తే ఆ పిల్ల అంతే.

ఆ టేపు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. తేజశ్రీకి మూడేళ్ళు నిండకముందే తల్లి లక్ష్మీకుమారి ఒసాకాలో పోయింది. పద్మనాభం అప్పుడు ఒక ఇంజనీరింగ్ కంపెనీ తరఫున అక్కడ పనిచేసేవాడు. భార్యను అక్కడే దహనం చేసి, పిల్లనూ, తను ముచ్చటపడి కొనుక్కున్న స్పూల్ టేప్ రికార్డర్నూ తీసుకుని ఢిల్లీ వచ్చేశాడు. ఏడాది తిరిగాక భార్య చెల్లెలు సీతారత్నాన్ని పెళ్ళి చేసుకున్నాడు. ఆ రికార్డర్ మోటారు కాలిపోయేలోపు అందులోని జోలపాటను ఒక క్యాసెట్టులోకి ఎక్కించాడు. ఆ క్యాసెట్టు అరిగిపోయేలోపు తేజశ్రీ దాన్ని కంప్యూటర్లోకి, అక్కణ్ణుంచి ఫోన్లోకి ఎక్కించుకుంది. అసలు టేపు చుట్ట ఎప్పుడో పోయిందనే ఆమె అనుకుంది.

ఆ పాట వినకుండా ఆమె జీవితంలో ఒక్క పెద్ద పనీ జరగలేదు. ముఖర్జీ నగర్‌లో కిటికీ లేని అద్దె గదిలో సివిల్స్‌కు చదివిన రోజుల్లో అదే వింటూ పడుకునేది. పరీక్ష పోయిన రోజు అదే విని ఏడ్చింది. ఇప్పుడు సాకేత్ ఆఫీసులో ఏదైనా పెద్ద మీటింగుకు ముందు మెట్లగదిలో నిలబడి అదే వింటుంది. పెళ్ళిలో మంగళసూత్రం పడే ముందు మైకులో అదే పెట్టించింది. బరువుగా, నెమ్మదిగా, కాస్త బొంగురుగా ఉండే ఆ ఆడగొంతు వింటే మండపంలో కన్నీళ్ళు పెట్టుకోనివాళ్ళు లేరు. పాట పొడుగునా వెనక ‘టంగ్, టంగ్’ అని ఒక గంట వినిపిస్తుంది. ఒసాకాలో ఇంటి దగ్గర ఏదో జపాను వాళ్ళ గుడి ఉండి ఉంటుందని ఆమె నమ్మకం. ఆఫీసు పని మీద ఒసాకా వెళ్ళినప్పుడు పనిగట్టుకుని ఆ వీధంతా తిరిగింది. గుడి కనిపించలేదు. ఎప్పుడో కొట్టేసి ఉంటారనుకుని, రోడ్డు మీదే దణ్ణం పెట్టుకుని వచ్చేసింది.

ఇక ఆమె మొగుడి సంగతి. నిరంజన్‌ది కరీంనగర్. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతం అక్కణ్ణుంచి వస్తుంది గాని, మనిషి ప్రాణమంతా జపాన్ నుంచి వచ్చే పాత ఆంప్లిఫయర్ల మీద ఉంటుంది. ఇంట్లో సోఫా వేయడానికి చోటు లేదు, స్పీకర్లకు మాత్రం రెండు మూలలున్నాయి. మామగారి పాత ఫోటోలో వెనకాల కనిపించిన రికార్డర్ ఏ రకమో గుర్తుపట్టి, అచ్చం అలాంటిదే ఒసాకాలో ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర వెతికి తెప్పించాడు. అది వచ్చాక, పెట్టుకోవడానికి పాత టేపులేమైనా ఉన్నాయేమోనని ఇల్లంతా వెతకబట్టే ఆ చుట్ట బయటపడింది. మంచికి పోయి కొంప మీదికి తెచ్చినవాడన్నమాట.

తెప్పించడం ఒక ఎత్తు, నడిపించడం ఒక ఎత్తు. ఆ యంత్రానికి కావలసింది వంద వోల్టులు. మన గోడలో వచ్చేది రెండువందల ముప్పై. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు తగ్గాయి గాని స్పీకర్లలో గురక మొదలైంది. లిఫ్ట్ కదిలినప్పుడల్లా ఆ గురక ఇంకా పెరిగేది. అందుకని నిరంజన్ ఇంకో వస్తువు తెప్పించాడు. చేత్తో పట్టుకుపోయే బ్యాటరీ ఇన్వర్టర్, అదీ జపాన్‌దే. గోడతో సంబంధం లేకుండా, తన కడుపులోంచే వంద వోల్టులిస్తుంది. రాత్రి ఛార్జింగ్‌లో పెట్టాడు. అపార్ట్‌మెంట్ల సొసైటీలో మరమ్మతులని చెప్పి తెల్లవారుజామునే కరెంటు తీసేశారు కాబట్టి సగం కూడా నిండలేదు.

"ఇది చాలు," అన్నాడు నిరంజన్, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని. "ఒక్క పాటకు ఎంత కావాలె? కానీ మల్ల మల్ల పెట్టమంటే కాదు తేజా, చెప్తున్న. అయిపోతే సాయంత్రం దాక కరెంటు లేదు."

తేజశ్రీ అతని పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. బయట ఢిల్లీ నవంబరు పొగ కిటికీలకు బూడిద రంగు పూసింది. సీతారత్నం సూట్‌కేసు తలుపు దగ్గర సిద్ధంగా ఉంది. ఆమె వంటింట్లో ప్రయాణానికి పులిహోర మూట కట్టుకుంటోంది.

నిరంజన్ ఇన్వర్టర్ మీట నొక్కాడు. చిన్న తెర వెలిగింది. టేపు చుట్టను ఎడమ వైపు తగిలించి, కొసను కుడి వైపు చుట్టకు పట్టించి, రికార్డర్ బొత్తాం తిప్పాడు. చుట్టలు రెండూ కదిలాయి. గురక లేదు. ముందు సన్నటి రొద, తర్వాత ఆ గొంతు వచ్చింది.

చుక్కలమ్మ చాప పరిచింది
వెన్నెలమ్మ దుప్పటి కప్పింది...

తేజశ్రీ అరచేతులతో ముఖం కప్పుకుంది. ఫోన్లో విన్న గొంతే. కానీ ఫోన్లో మసక మసకగా వినిపించేది ఇప్పుడు గదిలో మనిషి కూర్చుని పాడినట్టుంది. పెదవులు తడి చేసుకోవడం వినిపిస్తోంది. ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. బరువుగా, తొందర లేకుండా, ఎప్పుడూ వినే అమ్మే. ఆ సంతోషం ఆమె తట్టుకోలేకపోయింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

నిరంజన్ భార్య వీపు నిమిరాడు. నిమురుతూనే, ఈ యంత్రాల పిచ్చివాళ్ళకు ఉండే పాడు అలవాటు కొద్దీ, కళ్ళు మాత్రం రికార్డర్ మీద పెట్టాడు. చుట్టలు తిరుగుతున్న తీరు అతనికి నచ్చలేదు. రికార్డర్ వెనక్కి వంగి, లోహపు పలక మీద అక్షరాలు ఫోన్ వెలుతురులో చదివాడు. తర్వాత ఇన్వర్టర్ తెర చూశాడు. టేపు ఆపేశాడు.

"ఎందుకాపావ్?"

"తేజా, జర తప్పయింది. ఇది సరైన స్పీడ్ కాదు."

"అంటే?"

"మన దగ్గర కరెంటు సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ అయితది. ఒసాకాల అరవై. ఈ పాత మోటార్లు కరెంటు ఎట్ల నడిస్తే అట్లనే నడుస్తయి. అరవైకి చేసిన మోటారును యాభై మీద నడిపిస్తే మెల్లగ తిరుగుతది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తది గాని దీన్ని మార్చలేదు. ఈ ఇన్వర్టర్ల రెండూ ఉన్నయి. ఇండియా గదా అని నేనే యాభై మీద పెట్టిన." అతను తల గోక్కున్నాడు. "ఒక్క మీట మారిస్తే అయిపోతది."

"మార్చితే ఏమవుతుంది?"

"పాట జర తొందరగ నడుస్తది. గొంతు జర పైకి పోతది. అసలు ఎట్ల పాడిండ్రో అట్ల వస్తది."

"అసలు ఇదే నిరంజన్. నేను చిన్నప్పట్నుంచీ విన్నది ఇదే."

"మీ నాన్న క్యాసెట్టు ఎక్కించింది కూడ ఢిల్లీలనే గదా. ఆయన దగ్గర ఉన్నది ట్రాన్స్‌ఫార్మరే గదా."

ఉన్న గొంతు బాగానే ఉంది. దాన్ని కదిలించడం తేజశ్రీకి ఇష్టం లేదు. "వద్దులే, ఉండనీ. నాకు ఇలాగే కావాలి" అని నోటిదాకా వచ్చింది కూడా. ఆ మాటే అని ఉంటే సీతారత్నం ఆ సాయంత్రం బండెక్కి వెళ్ళిపోయేది, మన కథ తెనాలి దారి పట్టేది.

కానీ అప్పుడే వంటింటి గుమ్మంలోంచి ఇంకో గొంతు వచ్చింది.

"మార్చొద్దు బాబూ. అలాగే ఉంచండి."

సీతారత్నం నిలబడి ఉంది. చేతిలో స్టీలు గ్లాసు, అందులో సగం తాగిన టీ.

"నీకెందుకు పిన్నీ?" అంది తేజశ్రీ.

"దానికి అలా అలవాటైపోయింది బాబూ. చిన్నప్పట్నుంచీ విన్నది. ఇప్పుడు మార్చి ఏం చేసుకుంటాం?" ఆమె తేజశ్రీ వైపు చూడకుండా నిరంజన్‌తోనే మాట్లాడింది. "నేను బతిమాలుకుంటున్నాను అనుకోండి."

బతిమాలడం అనే మాట ఆ నోటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. వారం కింద అన్నేసి మాటలు పడినప్పుడు కూడా ఆమె ఎవర్నీ బతిమాలలేదు. నిరంజన్ చెయ్యి మీట దగ్గరే ఆగిపోయింది. తేజశ్రీకి మాత్రం ఒళ్ళు మండింది. చుట్టను దాచింది, తను వెళ్ళాక వినమంది, ఇప్పుడు సరిగ్గా వినొద్దంటోంది. అమ్మ విషయంలో ఈవిడ పెత్తనానికి అంతే లేదా అనుకుంది.

"మార్చు నిరంజన్."

"తేజా, అత్తమ్మ చెప్తున్నది గదా—"

"మార్చమన్నాను కదా. మా అమ్మ ఎలా పాడిందో నాకు అలాగే కావాలి."

నిరంజన్ టేపును మొదటికి తిప్పాడు. ఇన్వర్టర్ మీట మార్చాడు. తెర మీద యాభై పోయి అరవై వచ్చింది. రికార్డర్ బొత్తాం తిప్పాడు.

మొదట గంట వినిపించింది. ‘టంగ్’ కాదు. ‘టింగ్, టింగ్’ అని సన్నగా, చురుగ్గా ఉంది. అది గుడి గంట కాదని తేజశ్రీకి వెంటనే తెలిసిపోయింది. ఆ చప్పుడు ఆమె రోజూ వింటుంది. పొద్దున్నే కాఫీ చల్లారేదాకా, పప్పు ఉడికేదాకా, ఫోన్లో అవతలివాళ్ళు ఎత్తేదాకా ఈ ఇంట్లో ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. స్టీలు గ్లాసు మీద ఉంగరపు వేలు.

తర్వాత గొంతు వచ్చింది.

"ఆఁ, పడుకో తల్లీ పడుకో. ఇంకెంతసేపూ?"

పాటకు ముందున్న ఈ మాట తేజశ్రీ కొన్ని వేలసార్లు వినుంటుంది. ఫోన్లో అది నిద్రమత్తులో ఉన్న ఎవరో పెద్దావిడ అన్నట్టుండేది. ఇప్పుడది పాతికేళ్ళు కూడా లేని అమ్మాయి మాట. తేలిగ్గా, గలగలా, చివరి అక్షరాన్ని కాస్త సాగదీస్తూ. ఇంకెంతసేపూ. సెక్యూరిటీ గార్డు పార్సెల్ పైకి పంపకపోతే అనే మాట అదే. మెట్రోలో తేజశ్రీకి ఆలస్యమైతే ఫోన్లో పిన్ని అనే మాట అదే.

చుక్కలమ్మ చాప పరిచింది
వెన్నెలమ్మ దుప్పటి కప్పింది
మా తేజమ్మ కళ్ళల్లోకి
నిద్దరొచ్చి కూచుంది...

తేజశ్రీ మెడ తిప్పి గుమ్మంలోకి చూసింది. సీతారత్నం కళ్ళు మూసుకుని ఉంది. ఆమె ఉంగరపు వేలు, ఆమెకు తెలియకుండానే, చేతిలో గ్లాసు మీద తాళం వేస్తోంది. టేపులో టింగ్, గుమ్మంలో టింగ్. రెండూ ఒక్కసారే పడుతున్నాయి.

నిరంజన్‌కు విషయం కాస్త ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక భార్యకు దగ్గరగా జరిగాడు. చుట్టలు తిరుగుతూనే ఉన్నాయి. ఆపాలని ఎవరికీ తోచలేదు.

"నువ్వు," అంది తేజశ్రీ.

సీతారత్నం కళ్ళు తెరిచింది. గ్లాసును కింద పెట్టింది.

"నేనే."

"మరి అమ్మ?"

సీతారత్నం గుమ్మానికి ఆనుకుని అక్కడే కింద కూర్చుంది.

"అక్కకి గొంతులో ఆపరేషన్ చేశారే తేజా. నీకు చెప్పాం కదా, జబ్బు అని. ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. నువ్వేమో పాట లేనిదే పడుకునేదానివి కాదు. అది నోరు తెరిస్తే గాలే వచ్చేది. అది చూసి నువ్వు ఝడుసుకుని ఏడ్చేదానివి. నీ ఏడుపు చూసి అది ఏడ్చేది. అప్పుడు మీ నాన్న నన్ను పిలిపించారు. అక్క కట్టిన పాటే. అది కాగితం మీద రాసిచ్చింది, నేను పాడాను. నేను లేనప్పుడు పెట్టుకోవచ్చని మీ నాన్న రికార్డు చేశారు. అంతేనమ్మా."

"అంతేనా?" తేజశ్రీ గొంతు పైకి లేవలేదు. అరిస్తే నిరంజన్‌కు అంత భయం వేసేది కాదు. "నా పెళ్ళిలో పెట్టించాను. మా అమ్మ పాడుతోందని మైకులో చెప్పించాను. నువ్వు ముందు వరసలో కూర్చున్నావు. ఏడ్చావు."

"ఏడ్చాను."

"అప్పుడైనా చెప్పలేదే?"

"ఎలా చెప్పమంటావే? ఎప్పుడు చెప్పమంటావు?" సీతారత్నం కొంగుతో ముఖం తుడుచుకుంది. "మోసం చెయ్యాలని ఎవరూ అనుకోలేదు. పెళ్ళయి నేను ఢిల్లీ వచ్చిన కొత్తల్లో మీ నాన్న ఆ మిషన్ దులిపి పెట్టారు. ఇక్కడి కరెంటుకి అది మెల్లిగా తిరిగింది. నా గొంతు లావుగా, బరువుగా వచ్చింది. జబ్బు చెయ్యకముందు అక్క గొంతు అలాగే ఉండేది. అచ్చం అలాగే. నాకే గుండె ఆగినంత పనైంది. నువ్వు లోపల ఆడుకుంటున్నావు. పరిగెత్తుకొచ్చి ఆ పెట్టెని రెండు చేతులా కావలించుకుని, అమ్మా అన్నావు."

ఆమె నేల మీది గ్లాసును పక్కకు జరిపింది.

"అక్క పోయాక నీ నోటెంట ఆ మాట రావడం అదే మొదలు. అప్పటిదాకా నువ్వు ఎవరితోనూ మాట్లాడేదానివి కాదు. మీ నాన్న నా వైపు చూశారు. కాదు, అది పిన్ని, అని చెప్పడానికి నోరు తెరిచారు కూడా. నేనే వద్దని తల ఊపాను. తప్పంటే నాదే. ఆయన్ని ఏమీ అనుకోకు."

బయట పక్క సొసైటీ జనరేటర్ దడదడలాడింది. టేపులో పాట చివరి చరణానికి వచ్చింది. పాతికేళ్ళు నిండని సీతారత్నం హాయిగా, నవ్వు ఆపుకుంటూ పాడుతోంది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆమె పాడగా విన్నవాళ్ళు లేరు. ఎందుకు పాడలేదో తేజశ్రీకి ఇప్పుడు తెలిసింది. పాడితే బయటపడిపోతుంది. తన ఒక్క పాట కోసం ఈవిడ మొత్తం పాటే మానేసింది. ఆ ఆలోచన వచ్చేసరికి తేజశ్రీకి కోపం పట్టుకుని వేలాడడానికి ఆధారం లేకపోయింది. అలాగని కోపం పోనూ లేదు.

"చుట్ట ఎందుకు దాచావు?"

"మీ నాన్న చెప్పారు, అక్కడి కరెంటు వేరు, ఇక్కడి కరెంటు వేరు అని. అక్కడి కరెంటు మీద పెడితే అసలు గొంతు వచ్చేస్తుందని. పారెయ్యడానికి చేతులు రాలేదు, అక్క కట్టిన పాట కదా. పోనీలే, ఒసాకా కరెంటు మన ఇంటికి రాదు కదా అనుకున్నాను." సీతారత్నం నేల మీదున్న ఇన్వర్టర్ వైపు చూసింది. "అదిలా పెట్టెలో పెట్టుకుని చేత్తో పట్టుకొస్తారని నాకేం తెలుసు?"

నిరంజన్ తల దించుకున్నాడు. జీవితంలో మొదటిసారి అతనికి జపాన్ సామాను మీద విరక్తి కలిగింది.

"మొన్న అన్ని మాటలన్నాను. అప్పుడైనా నోరు విప్పాల్సింది," అంది తేజశ్రీ.

"విప్పితే నీకేం మిగులుతుందే? నన్ను తిట్టుకున్నా నీకు అమ్మ ఉంటుంది కదా అనుకున్నాను."

అసలు దెబ్బ అప్పుడు తగిలింది తేజశ్రీకి. ఇప్పటిదాకా పిన్ని ఏం చేసిందన్నదే ఆలోచించింది. తనకేం పోయిందన్నది ఇప్పుడు తెలిసింది. మెట్లగదిలో నిలబడి ధైర్యం తెచ్చుకున్నది ఎవరి గొంతు విని? ముఖర్జీ నగర్ గదిలో పక్కన పడుకున్నది ఎవరు?

"అయితే నాకు అమ్మ గొంతు లేదా పిన్నీ?" అంది. ముప్పై దాటిన మనిషి, పది మంది చేత పని చేయించే మనిషి, చిన్నపిల్లలా అడిగింది. "నేను ఎప్పుడూ వినలేదా? ఎక్కడా లేదా?"

లేదని చెప్పడం కంటే తెనాలి వెళ్ళిపోవడమే సుఖమనిపించి ఉంటుంది సీతారత్నానికి.

"లేదమ్మా. అక్క మళ్ళీ మాట్లాడలేదు. ఆఖరిదాకా నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట కూడా నేను వినలేదు."

అప్పుడే గోడ మీద ఇంటర్‌కామ్ మోగింది. నిరంజన్ లేచి ఎత్తాడు. "హాఁ భయ్యా. అచ్ఛా, దో మినిట్," అని పెట్టేశాడు. "అత్తమ్మా, క్యాబ్ గేటు దగ్గర ఉన్నదట."

సీతారత్నం గోడ పట్టుకుని లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పులిహోర మూట తీసుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. తేజశ్రీ ఆపలేదు. ఆపాలని ఉంది, ఏమని పిలిచి ఆపాలో తెలియలేదు. టేపులో పాట అయిపోయింది. క్యాసెట్టులోనూ, ఫోన్లోనూ అక్కడితో సరి. పద్మనాభం అక్కడిదాకానే ఎక్కించాడు. చుట్ట మీద మాత్రం టేపు ఇంకా ఉంది. ఉత్త రొద వస్తోంది. నిరంజన్ ఆపడానికి వంగాడు.

రొదలో కుర్చీ జరిపిన చప్పుడైంది. తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత మైకుకు బాగా దగ్గరగా ఎవరో ఊపిరి తీసుకున్నారు. గొంతు కాదు. ఉత్త గాలి. ఆ గాలిలోనే, ఆగుతూ ఆగుతూ, మాటలు.

"ఏమండీ... సీత... బజారుకి వెళ్ళిందా... తిరుగుతోందా అది..."

తలుపు దగ్గర సీతారత్నం కాలు ముందుకు పడలేదు. సూట్‌కేసు పిడి మీదున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అక్క," అంది. "అది అక్క."

నిరంజన్ చెయ్యి బొత్తాం మీద ఉంది. ఇందాక మార్చొద్దని బతిమాలిన మనిషి గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. "ఆపొద్దు బాబూ. ఉండనివ్వండి."

తేజశ్రీ స్పీకరుకు చెవి ఆనించేంత దగ్గరగా జరిగింది. ఆ గాలిలో అందం లేదు, పాట లేదు. వినడానికే కష్టంగా ఉంది. మూడేళ్ళు నిండని పిల్ల ఝడుసుకుందంటే ఝడుసుకోదూ మరి. కానీ ఇప్పుడు తేజశ్రీకి భయం వేయలేదు.

"తేజా... నేను... అమ్మని... నీకు పాడింది పిన్ని... నువ్వు పెద్దయ్యాక నాన్న నీకిది వినిపిస్తారు..."

నాన్న వినిపించలేదు. వినిపించకుండానే పోయాడు.

"సీతని... ఇక్కడికి రప్పించింది... నీ పాట కోసం కాదు... దానికా సంగతి తెలీదు... తెలిస్తే నన్ను క్షమించదు... నేను చేసిందేమిటంటే..."

బీప్ అని ఒక్క చప్పుడు. ఇన్వర్టర్ తెర ఎర్రగా మెరిసి ఆరిపోయింది. చుట్టలు నెమ్మదించాయి. లక్ష్మీకుమారి ఊపిరి సాగి, లావై, మూలిగి ఆగిపోయింది.

నిరంజన్ మీట నొక్కి చూశాడు, మళ్ళీ నొక్కాడు. గోడ స్విచ్చు వేసి చూశాడు. కరెంటు రాలేదు. కింద గేటు దగ్గర క్యాబ్ హారన్ ఒకసారి మోగింది.

సీతారత్నం సూట్‌కేసు పక్కన నిలబడి ఆ ఆగిపోయిన చుట్టనే చూస్తోంది. పెళ్ళి, ఢిల్లీ, ఈ ఇల్లు, ఈ పిల్ల, అన్నీ ఆ ఒసాకా ప్రయాణంతోనే మొదలయ్యాయి ఆమెకు. అక్క జబ్బుగా ఉందంటే వెళ్ళానని ఇన్నేళ్ళూ అనుకుంది. భుజం మీది హ్యాండ్‌బ్యాగు తీసి సోఫా లేని ఆ గదిలో నేల మీద పెట్టింది. ఆ పక్కనే, తేజశ్రీకి ఆనుకుని, తనూ కూర్చుంది.

"బాబూ," అంది నిరంజన్‌తో, "ఆ డ్రైవర్ని వెళ్ళిపొమ్మనండి."